బుధవారం లైనులో బంగారమ్మ

రాయ్‌పూర్ వ్యాగన్ వర్క్‌షాపులో ఖలాసీగా పనిచేసే సూర్యారావుకు, బంగారమ్మకు పెళ్ళయి చాలా ఏళ్ళయినా పిల్లలు కలగలేదు. 1974 ఎండాకాలంలో అదే ఇంట్లో ఉంటున్న తోడికోడలు కోటమ్మకు నెల తప్పింది. కోటమ్మ పలాస దగ్గర పల్లె నుంచి కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. ఆమె పెరట్లో వాంతి చేసుకుంటుంటే బంగారమ్మ నీళ్ళ చెంబు అందించి లోపలికొచ్చింది. ఏరిన బియ్యాన్నే మళ్ళీ చేటలో పోసుకుని ఏరుతూ కూర్చుంది.

సూర్యారావుది పర్మినెంటు ఉద్యోగం కాబట్టి బంగారమ్మకు రైల్వే ఆస్పత్రిలో వైద్యం ఉచితం. అతని తమ్ముడు సూరిబాబు గూడ్సు షెడ్డులో బస్తాలు మోసే కూలీ. అతని భార్య కోటమ్మకు అక్కడ వైద్యం చెయ్యరు. ప్రైవేటు డాక్టరమ్మకు నెలనెలా చూపించే స్తోమత ఆ ఇంట్లో లేదు.

"నీ కార్డు మీద కోటమ్మని చూపించేద్దాం. నీ పేరు చెప్తే సరిపోద్ది" అన్నాడు సూర్యారావు, అన్నం తింటూ.

"అంటే నాకు కడుపని రాస్తారా?"

"రాస్తే ఏటవుద్ది?"

"పేరు నాదీ, కడుపు దానిదీనా? నా వొల్ల కాదు. ఇంకో ఆస్పత్రి నానే ఎతుకుతాను."

అన్నది అన్నట్టే వెతికింది. బంగారమ్మ పుట్టి పెరిగింది రాయ్‌పూర్‌లోనే. హిందీ, ఛత్తీస్‌గఢీ రెండూ ధారాళంగా వచ్చు. కుళాయి దగ్గర అభన్‌పూర్ నుంచి వచ్చిన ఒకామెను అడిగితే, "బుధ్‌వార్ కే జాబే, బిహనియా జాబే" అని చెప్పింది. సర్కారు ఆస్పత్రిలో బుధవారం గర్భిణులను ఉచితంగా చూస్తారట, పొద్దున్నే వెళ్ళి లైన్లో నిలబడాలట.

కోటమ్మకు హిందీ ఒక్క ముక్క రాదు. అందుకని నర్సు అడిగేది తెలుగులో చెప్పడం, కోటమ్మ జవాబు హిందీలో చెప్పడం బంగారమ్మ పని అయింది. ఒకసారి బిడ్డ కదులుతోందా అని నర్సు అడిగింది. కోటమ్మ సిగ్గుపడుతూ, "చేపపిల్ల తోక ఆడించినట్టుందక్కా" అంది. ఆ మాట బంగారమ్మ తన నోటితో హిందీలో చెప్పాలి. చెప్పింది. నర్సు నవ్వింది. ఆ సాయంత్రం బంగారమ్మ గిన్నెలు తోముతుంటే వీధి చివరిదాకా చప్పుడు వినిపించింది.

వానలు వెళ్ళాక ఒక బుధవారం పొద్దున కోటమ్మ జడ వేసుకుని, చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడిన ఆ తీరు చూడగానే బంగారమ్మకు ఒళ్ళు మండింది.

"ఈ వేళ మూసేసారంట. పండగేదో ఉందంట" అంది.

కోటమ్మ నమ్మి చీర మార్చేసుకుంది. ఆ రోజంతా బంగారమ్మకు అన్నం సయించలేదు.

తర్వాతి వారం వెళ్ళేసరికి ఎప్పుడూ చూసే నర్సు బదులు కొత్తామె ఉంది. కోటమ్మ కాళ్ళు నొక్కి చూసింది. వేలు పెట్టిన చోట గుంట పడింది. బీపీ చూసి మొహం గంభీరంగా పెట్టి, పోయిన వారం ఎందుకు రాలేదని హిందీలో అడిగింది.

బంగారమ్మ ఆ ప్రశ్న తెలుగులో చెప్పగానే కోటమ్మ అమాయకంగా, "మూసేసారు కదక్కా, అదే చెప్పు" అంది.

బంగారమ్మ నోరు తెరవకముందే కొత్త నర్సు కోటమ్మ వైపు తిరిగింది. "పోయిన బుధవారం మేం మూయలేదమ్మా" అంది, చక్కటి తెలుగులో. ఆమె పేరు హన్నా. కాకినాడ మనిషి.

కోటమ్మ ఒక్కసారి బంగారమ్మ మొహంలోకి చూసి తల తిప్పుకుంది. ఉప్పు తగ్గించమని, విశ్రాంతి తీసుకోమని, వారం వారం రమ్మని హన్నా చెప్పినవన్నీ తనే విని తలూపింది.

దారిలో కోటమ్మే అడిగింది, "ఎందుకక్కా?"

"కుళ్ళు" అంది బంగారమ్మ.

మరుసటి బుధవారం కోటమ్మ ఒక్కతే బయల్దేరింది. తెలుగు నర్సు ఉండగా అక్క అవసరం ఏముంది? బంగారమ్మ వెనకాలే నడిచి, లైన్లో దూరంగా నిలబడింది. హన్నా, కోటమ్మ తలలు దగ్గర పెట్టుకుని నవ్వుకుంటుంటే, ఇన్నాళ్ళూ ఆ కడుపు మీద కలిగిన మంట ఇప్పుడు హన్నా మీద కలిగింది. ఆ నవ్వులో మొన్నటిదాకా తనకు వాటా ఉంది.

ఒక బుధవారం లైన్లో కోటమ్మకు తల తిరిగి కళ్ళు చీకట్లు కమ్మాయి. ముందున్న వాళ్ళను హిందీలో, వాళ్ళు కదలకపోతే ఛత్తీస్‌గఢీలో కేకలేసి దారి చేసింది, ఆ రోజూ వెనకాలే వచ్చిన బంగారమ్మే. హన్నా వెంటనే మంచం వేయించింది. రెండు రోజులు గడిచాక నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా దక్కారు. కోటమ్మ ఆ పిల్లను బంగారమ్మ చేతికి ఇచ్చింది గానీ, చాలాకాలం ఆమెతో ముక్తసరిగానే మాట్లాడింది.

"లైన్లో మన తెలుగు వాళ్ళు చాలామంది ఉంటున్నారు. నేనొక్కదాన్నే అందరికీ చెప్పలేకపోతున్నాను. బుధవారాలు రాగలవా?" అని హన్నా బంగారమ్మను అడిగింది.

బంగారమ్మ వెళ్ళింది. మోకాళ్ళు పట్టేసేదాకా, ఇరవై ఏళ్ళకు పైగా వెళ్ళింది. గుడిసెల్లో తిరిగి, ఆస్పత్రంటే భయపడే కూలీల భార్యలను వెంటబెట్టుకుని తీసుకెళ్ళేది.

"ఇంకా కుళ్ళుకుంటావా అక్కా?" అని కోటమ్మ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"ప్రతీ కడుపుకీ" అంది బంగారమ్మ చెప్పులు తొడుక్కుంటూ. "ఎల్లాలి, లైను పెరిగిపోద్ది. బయట కడుపుతో ఒక పిల్ల నా కోసం నిలబడి ఉంది."