చోడి లడ్డూలో నేను కలిపింది

మా అమ్మాయిని ఆరో తరగతి మధ్యలో బడి మానిపించాను. నేనే మానిపించాను, మా ఆయన కాదు. తరవాత ఎవరేమన్నా పడాల్సింది నేనే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. శ్రీకాకుళంలో ఎనిమిదేళ్ళు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాను. "పరీక్షలో వచ్చేవి ఈ నాలుగే, బట్టీ పట్టించీండి మేడమ్" అని పైవాళ్ళు ఒక కాగితం చేతిలో పెట్టిన రోజున చాక్‌పీసు విసిరికొట్టి బయటికి వచ్చేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అదే బడిలో చదువుతున్న పిల్లనీ ఆ కోపంలోనే వెంట తెచ్చేసుకున్నాను.

మా అత్తగారు గుండెలు బాదుకుంది. "ఓలమ్మ! కన్నతల్లివా, పగదానివా? గుంటని ఇంట్లో కూకోబెట్టీసినావు, రేపు దాని గతేటి?"

"బడి మానిపించాను గానీ సదువు మానిపించనేదు అత్తా" అన్నాను గట్టిగా. గట్టిగా అన్నానంటే లోపల భయంగా ఉందని అర్థం. ప్రతి రాత్రీ పక్కమీద పడుకుని, దీని బతుకు నా చేత్తో నేనే పాడుచేస్తున్నానేమో అనుకునేదాన్ని.

ఇంట్లో మా చదువుకి ఒకటే నియమం. ఎవరో చెప్పారని నమ్మకూడదు. చేసి చూడాలి, చూసింది చూసినట్టు రాసుకోవాలి. దానికోసం మా అమ్మాయి ఒక పెద్ద నోటుబుక్కు పెట్టుకుంది. పెసలు ఎన్ని గంటలకి మొలకెత్తాయి, మేడమీద బిందెలో వాన ఎంత పడింది, అన్నీ అందులో ఉండేవి. పన్నెండో ఏడు వచ్చాక, "ఏదైనా నువ్వే తయారుచేసి అమ్మి చూడు. నలుగురితో మాట్లాడ్డం వస్తాది" అన్నాను. నెల్లాళ్ళు ఆలోచించి చోడి లడ్డూలన్నది. రాగుల్ని మావైపు చోళ్ళంటాం.

ఆదివారం పొద్దున్న రైతుబజారు గేటు పక్కన స్టూలు వేసుకుని, దానిమీద స్టీలు డబ్బా పెట్టుకుని నిలబడేది. ఒక్కో కవరు మీద చేత్తో రాసిన చీటీ అంటించేది: చోడిపిండి, నువ్వులు, బెల్లం, నెయ్యి. కింద గీత గీసి, "ఇంకేమీ లేవు" అని రాసేది.

మొదటి రెండు వారాలూ డబ్బా నిండుగానే తిరిగొచ్చింది. ఒకాయన కొరికి, "గొంతు పట్టీసినాది పాపా, దీనితోపాటు నీళ్ళు కూడా అమ్ముతావేటి?" అన్నాడు. అక్కడ నవ్వేసింది. ఇంటికొచ్చి తలగడలో మొహం పెట్టుకుని ఏడ్చింది. మా ఆయన, "ప్రిన్సిపాల్ గారూ, మీ బడిలో మొదటి పరీక్షే తన్నీసినట్టున్నాదే" అని వేళాకోళం చేశాడు. ఆయన సరదాకే అన్నాడు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది. ఇది ఓడిపోతే మా అత్తగారి మాటే నిజమవుతుంది కదా.

మా అప్ప, అంటే మా అక్క, పలాసలో ఉంటుంది, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. మనిషి రాకపోయినా సంచీడు జీడిపప్పు నూక మాత్రం వస్తుంది. మావైపు జీడిపప్పు వెయ్యని వంటంటే ఏమిటి? పాయసంలో, ఉప్మాలో, కోడికూరలో, చుట్టాలొస్తే ఇంకో గుప్పెడు ఎక్కువ. అది మా మర్యాద. జీడిపప్పు ఒకరికి పడదన్న మాట నా నలభై ఏళ్ళలో నేనెప్పుడూ వినలేదు.

మూడో శనివారం సాయంత్రం మా పిల్ల పిండి వేపి, పళ్ళెంలో ఆరబోసి, స్నానానికి వెళ్ళింది. నేను రెండు గుప్పెళ్ళ నూక మిక్సీలో వేసి తిప్పి, ఆ పిండిలో కలిపేశాను. దానికి చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు, చీటీ మారుస్తానంటుంది, "అమ్మ సేసినాది, నేను కాదు" అంటుంది. పిల్ల మొహం ఒక్కసారి వెలగాలనుకున్నాను, అంతే.

పొద్దున్న తొమ్మిదిన్నరకే డబ్బా ఖాళీ. గంతులు వేసుకుంటూ వచ్చి నోటుబుక్కులో రాసుకుంది: "పిండి ఐదు నిమిషాలు ఎక్కువ వేపితే లడ్డూ మెత్తగా, కమ్మగా వస్తుంది." అది చదివినప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు సరికదా, ఎర్ర పెన్నుతో పక్కన "గుడ్" అని పెట్టాను. ఆ తరవాత ప్రతి శనివారం అది స్నానానికి వెళ్ళడం, నేను మిక్సీ తిప్పడం.

అలా నాలుగు వారాలు గడిచాయి. ఐదో ఆదివారం నేను కూరగాయలు కొనుక్కుని వచ్చేసరికి డబ్బా మూత పెట్టేసి ఉంది. ఇద్దరం స్కూటీ మీద ఇంటికి బయల్దేరాం. నాగావళి వంతెన మీదికి వచ్చాక, వెనకనుంచి హుషారుగా మొదలుపెట్టింది.

"అమ్మా, ఈరోజు ఒక ఆంటీ వచ్చినారు. వాళ్ళ చిన్నబాబుకి జీడిపప్పు పడదంట. తింటే ఊపిరాడదంట. ఇందులో ఉన్నాదా అని మూడుసార్లు అడిగినారు. నేదండీ అని సీటీ సూపించాను. ఆరు కొన్నారు."

బ్రేకు ఎలా వేశానో తెలీదు. వెనక ఆటోవాడు బండబూతులు తిట్టుకుంటూ పోయాడు.

"ఏటైనాది అమ్మా?"

"ఆవిడ నంబరుందా?"

వచ్చేవారం కూడా కావాలని నోటుబుక్కులో రాయించిందట, ఉంది. చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మూడోసారీ అంతే. "ఇల్లెక్కడ?" అన్నాను. "ఎందుకు?" అంది. "ఎక్కడో సెప్పవే ముందు!" అని నడివంతెన మీద అరిచాను. బెదిరిపోయి, మేం పూర్వం అద్దెకున్న వీధే, పాలబూతు పక్కనిల్లు అని చెప్పింది.

బండి తిప్పాను. దారి పొడుగునా దేవుళ్ళందరికీ మొక్కాను. రామతీర్థం కొండ మోకాళ్ళమీద ఎక్కుతానన్నాను. ఇంకా తినలేదేమో, కొంచెమే తిన్నాడేమో, రెండు గుప్పెళ్ళు అన్ని లడ్డూల్లో పంచుకుంటే ఒక్కో దాంట్లో ఎంతుంటుంది అని లెక్కలు వేశాను. సిగ్గు విడిచి ఇంకోటీ చెప్పాలి. వాడు తినకుండా ఉంటే, "నెయ్యి పాడైందండీ" అని ఆరూ వెనక్కి తీసేసుకుందాం, నా పిల్లకి తెలియాల్సిన పని లేదు అని కూడా అనుకున్నాను. ఒక పసివాడి ప్రాణం మీదికొచ్చిన వేళ నేను సాకు వెతుక్కుంటున్నాను.

ఆ ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల టీవీలో బొమ్మల సినిమా నడుస్తోంది. ఎవరూ లేరు. ఎదురింటి ముసలమ్మ అరుగు మీంచి కేకేసింది. "ఓలమ్మో, బాబు పెదాలు వాసిపోనాయి, ఆయాసం వచ్చీసినాది! ఇప్పుడే ఆటోలో పెద్దాస్పత్రికి ఎలిపోనారు."

మా పిల్ల నా నడుం చుట్టూ చేతులు బిగించి పట్టుకుంది.

ఆస్పత్రిలో మంచం మీద ఐదేళ్ళవాడు. మొహం మీద ఆక్సిజన్ మాస్కు, కళ్ళు కనపడనంతగా వాచిపోయాయి, మెడంతా ఎర్రటి దద్దుర్లు. వాడి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. డాక్టరమ్మ సూది మందు అప్పటికే ఇచ్చేసింది. "ఏం తిన్నాడు? నాకు కచ్చితంగా తెలియాలి" అని అడుగుతోంది.

వాడి తల్లి మా అమ్మాయిని చూసింది. "అదిగో, ఆ పిల్లే డాక్టరుగారూ! అడిగి మరీ కొన్నాను. నేదని నా మొహం మీద అబద్ధం సెప్పీసినాది!"

"అబద్ధం కాదండీ!" మా పిల్ల నోటుబుక్కు తెరిచి డాక్టరమ్మ ముందు పట్టింది. "నేనే సేసినాను. అన్నీ రాసుకున్నాను, సూడండి. జీడిపప్పు నేదు. మా అమ్మని అడగండి."

డాక్టరమ్మ చదివి, "అయితే నువ్వులు కూడా పడవేమో, అది ఇంకో చిక్కు" అని కేసుషీటు మీద రాసింది. వాడి తల్లి తల పట్టుకుంది. మా పిల్ల నావైపు తిరిగింది. నేను మాట్లాడలేదు. ఒక నిమిషం ఉంటుందేమో. ఆ నిమిషమంతా నా కూతుర్ని అందరి ముందూ దొంగగా నిలబెట్టి ఊరుకున్నాను.

"నువ్వులు కాదండీ. జీడిపప్పే. నేను కలిపాను. పిల్లకి తెలీదు."

డాక్టరమ్మ రాసింది కొట్టేసి, నర్సుని పిలిచి ఏదో మార్పు చెప్పింది. మా అమ్మాయి నోటుబుక్కు మూసేసి, గుండెలకి అదుముకుని, వెళ్ళి గోడవార నిలబడింది. నాకు దూరంగా.

సాయంత్రానికి వాపు తీసింది. వాడు కళ్ళు విప్పి మంచినీళ్ళడిగాడు. అప్పటిదాకా నేను కూర్చోలేదు, ఏడవలేదు కూడా. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. పోయి వాడి తల్లి కాళ్ళు పట్టుకోబోతే ఆవిడ వెనక్కి జరిగింది. "నా కాళ్ళెందుకమ్మా? ఏ పాపం ఎరగని గుంటని నోటికొచ్చినట్టు తిట్టీసినాను. దాని కాళ్ళు పట్టుకో."

ఇంటికొచ్చాక అది రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బతిమాలాను. నాకున్నది దిక్కుమాలిన కోపం కదా, చివరికి అదీ చూపించాను. "తిట్టవే, కొట్టవే, ఏదో ఒకటి అనవే!" అని అరిచాను. పళ్ళెంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. మా అత్తగారు కూడా ఆ రెండు రోజులూ నన్ను ఒక్క మాట అనలేదు. దాంతో ఇంకా భయమేసింది.

మూడోరోజు పొద్దున్న మామూలుగానే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. నేను భిన్నాలు తీశాను. అది పెన్ను ముట్టుకోలేదు.

"అమ్మా, నన్ను బళ్ళో ఎయ్యి."

"ఏ బళ్ళో? బట్టీలు పట్టించే బళ్ళోనా?" అలవాటు చొప్పున గయ్‌మన్నాను.

"ఏదైనా పర్లేదు. అక్కడ ఒక టీచరు తప్పు సెప్తే ఇంకో టీచర్ని అడగొచ్చు. పక్క పిల్లల్ని అడగొచ్చు. ఇక్కడ నువ్వొక్కదానివే కదా."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుణ్ణు. నేను మళ్ళీ అరుస్తానేమోనని, నెమ్మదిగా, కుర్చీ వెనక్కి ఒరిగిపోయి, భయం భయంగా అడిగింది.