మూడో పిలుపు

1986, కార్తీకం, ఆదివారం. కొత్తపేట.

మా పెరటి వాటాలో పన్నెండేళ్ళు ఉన్న ఆవిడ పోయి నేటికి తొమ్మిది రోజులు. ఆవిడ కూతురు ఆనాటి నుంచి గది గుమ్మం వదలడం లేదు. ఎందుకో తెలిసినది నాకొక్కదానికే. అందుకే రాస్తున్నాను.

వాళ్ళ ఊళ్ళో గొడవలు రేగి వాళ్ళుండే పేట తగలబడింది. భర్తను నరికేశారు. అరటిగెలలు దింపి ఖాళీగా తిరిగొస్తున్న లారీ ఎక్కి, ఆరేళ్ళ పిల్లతో రావులపాలెంలో దిగింది. అక్కణ్ణుంచి కొత్తపేట వచ్చి మా పెరటి వాటాలో చేరింది. అప్పటికి నేను బళ్ళో టీచరుని. పిల్లను నా తరగతిలోనే చేర్చుకున్నాను. హాజరు పిలిస్తే పలికేది కాదు. ఎదురుగా కూర్చున్న పిల్లకు వారం రోజులు గైర్హాజరు వేశాను. ఆ తప్పు నాది.

తల్లి బడికి వచ్చింది.

“దాన్నేం అనకండి, టీచరుగారూ. మూడోసారి పిలిస్తేగాని పలకొద్దని నేనే చెప్పేనండి. వాళ్ళ నాన్నని పిలిచినోళ్ళు ఒక్కసారే పిలిచేరండి. ఈయన వెళ్ళేరు.”

“బళ్ళో ఎవరూ నరకరమ్మా.”

“ఊళ్ళో ఎవరూ నరకరనే అన్నారండి, ఆయన కూడా.”

మర్నాటి నుంచి ఆ పేరు మూడుసార్లు పిలిచాను. “టీచరుగారికి మతిమరుపొచ్చిందిరోయ్” అని వెనక బెంచీ నవ్వేది. మూడో పిలుపుకి పిల్ల “ఆయ్” అనేది. ఏళ్ళ తరబడి హాజరు పిలిచిన నాకు, మనిషిని పేరు పెట్టి పిలవడమంటే ఏమిటో ఆవిడే నేర్పింది.

ఆవిడ పగలంతా కొబ్బరిపీచు తాళ్ళు పేనేది. వీపు గోడకు, చూపు గుమ్మానికి. మేకుకు ఎప్పుడూ ఒక సంచి సిద్ధంగా ఉండేది. పిల్ల ఎదిగినకొద్దీ అందులోని గౌను లంగా అయింది, లంగా చీర అయింది.

“ఇంకా ఎక్కడికమ్మా ప్రయాణం?” అని అడిగాను.

“ఎక్కడికీ లేదండి. అదుంటే నిద్ర పడతాదండి.”

పోయిన రోజు మిట్టమధ్యాహ్నం, ఆవిడ జ్వరంతో లోపల పడుకుని ఉంది. కూతురు గుమ్మం బయట పీచు ఎండబెడుతోంది. తల్లి పిలిచింది. మళ్ళీ పిలిచింది. పద్దెనిమిదేళ్ళు వచ్చినా పోని అలవాటు, పిల్ల మూడోదాని కోసం ఆగింది. అది రాలేదు.

“ఇంకొకటుందండి, మామ్మగారూ. పిలుస్తాదండి” అంటుంది నాతో.

నిన్న మధ్యాహ్నం నేనూ గుమ్మం దాకా వెళ్ళాను. ఖాళీ గదిలోంచి పిల్ల పేరు వినబడింది. కాసేపటికి మళ్ళీ. పెరట్లో కొబ్బరాకు కదలడం లేదు. లోపల మేకున సంచి ఊగుతోంది. పిల్ల నావైపు తిరిగి రెండు వేళ్ళు చూపించింది. నా లెక్కా అంతే.

ఇక జరగవలసినవి:

1. ఆ గదికి తాళం వెయ్యకూడదు.
2. మా ఇంట్లో ఎవరూ పిల్లను రెండుసార్లు పిలిచి ఊరుకోకూడదు.
3. సంచి దింపి, అందులోని చీర పిల్లకు కట్టించాలి.
4. రేపు మధ్యాహ్నం నేను ఆ గదిలో, వీపు గోడకు ఆనించి కూర్చోవాలి. రెండు పిలుపులూ అయ్యేదాకా ఆగాలి. మూడోది నేను పిలవాలి.
5. గుమ్మం బయటి నుంచి “ఆయ్” అని వినబడాలి.