ముందు ప్రిపోజిషన్, తర్వాతే పన్ను

మా మావయ్య పళ్ళ డాక్టరు. ఎంత నొప్పితో వచ్చినా సరే, ఇంగ్లీషు ప్రశ్నలో ప్రిపోజిషన్ సరిగ్గా పడందే ఎవరి పన్నూ పీకడు. ఊరంతా ఆయన్ని ప్రిపోజిషన్ డాక్టరనే అంటారు. ముందు గదిలో కూర్చుని పేషెంట్లను లోపలికి పంపేది నేను. తలుపు చాటునుంచి రోజూ ఈ పాఠాలు వినలేక చస్తుంటాను.

ఒకరోజు ఓ లారీ డ్రైవరు దవడ పట్టుకుని వచ్చాడు.

"నేనెవరికోసం ఎదురుచూస్తున్నానో ఇంగ్లీషులో అడుగు బాబూ" అన్నాడు మావయ్య.

"అబ్బా... హూ ఆర్ యూ వెయిటింగ్?"

"చివర్న ఒకటి తగ్గింది. టూనా? ఆన్‌నా? ఫరా?"

కాసేపటికి డ్రైవరు బుగ్గలో దూదితో బయటికొచ్చి, "ఫర్ అంటమ్మా, ఫర్!" అని నాకు గర్వంగా చెప్పి వెళ్ళాడు.

"ప్రాణం పోతుంటే పాఠాలేంటి మావయ్యా!" అని పోట్లాడితే ఆయన నవ్వుతూ తర్వాతి పేషెంటును పంపమన్నాడు.

అలాంటిది మా అమ్మకే పన్ను చెడింది. అమ్మ ఇంగ్లీషు టీచరు. తమ్ముడైన మావయ్యకు ఆ ప్రిపోజిషన్లు నేర్పింది కూడా తనే. క్లాసంతా తనని చూసి వణికేది, తనేమో సూదిని చూసి వణుకుతుంది. అప్పటికే రెండుసార్లు కుర్చీలోంచి లేచి పారిపోయింది. బుగ్గ బూరెలా పొంగింది, ముద్ద దిగడం లేదు.

"ఇవాళ పీకకపోతే చీము ఎముకకు పాకుతుంది. నువ్వూ లోపలికి రావే, అమ్మ చెయ్యి పట్టుకో" అన్నాడు మావయ్య నాతో.

అమ్మ పెదాలు బిగించేసింది. మావయ్య తాపీగా, "అక్కా, వాట్ ఆర్ యూ అఫ్రైడ్ ఫ్రమ్?" అన్నాడు.

నేను అదిరిపడ్డాను. మావయ్య నోట తప్పా!

"ఫ్రమ్ ఏంట్రా ఫ్రమ్! నేను నేర్పిందిదేనా? ఆఫ్! అఫ్రైడ్ ఆ..."

నోరు బారెడు తెరుచుకుంది. సూది వెళ్ళి వచ్చేసింది. అమ్మకు తెలియనే లేదు!

"పోనీ, విత్ అందామా అక్కా?"

"విత్తా! ఓరి నీ దుంపతెగ!"

దవడ మొద్దుబారేదాకా, ఆ తర్వాత కూడా ఆయన తప్పులు అందిస్తూనే ఉన్నాడు, అమ్మ తిడుతూనే ఉంది. నేను నోరెళ్ళబెట్టి చూస్తుండిపోయాను. ఇన్నాళ్ళూ దీన్నా నేను పిచ్చి అనుకున్నది! భయంతో వచ్చిన ప్రతివాడి బుర్రకూ ఓ పని అప్పజెప్పి, ఈయన తన పని కానిచ్చేస్తున్నాడు. మహానుభావుడు!

"సరే, ఇక పీకరా" అంది అమ్మ, కళ్ళు గట్టిగా మూసుకుని.

"పీకేశానక్కా" అంటూ పళ్ళెంలో పన్ను చూపించాడు మావయ్య.

అమ్మ పన్ను వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. బుగ్గలో దూది సర్దుకుని, "ఏదీ, ఆ ప్రశ్న ఇప్పుడు సరిగ్గా అడుగు" అంది.

"వాట్ ఆర్ యూ అఫ్రైడ్ ఆఫ్, అక్కా?"

"నాకు భయమేంట్రా!" అంటూ అమ్మ దర్జాగా కుర్చీ దిగింది.