గీత అవతలి పచ్చిక

ఆ పెద్దాసుపత్రిలో ఆమెను అందరూ దూదక్క అనేవారు. ఎముకల వార్డులో ఆయా. కాలు విరిగిన మనిషిని మంచం మీద నుంచి ట్రాలీ మీదికి మార్చాలంటే నడుము కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేసి దూదిపింజను ఎత్తినట్టు ఎత్తేది. అమ్మా అని అరవడానికి నోరు తెరిచేలోగా పని అయిపోయేది. ఆ పేరు రోగులు పెట్టిందే. మనిషి మాత్రం మంచి ఒడ్డూ పొడుగూ. గుమ్మంలో నిలబడితే గదిలో వెలుతురు కాస్త తగ్గేది. మొగుడు ఇళ్లకు రంగులు వేసేవాడు. గాలి గట్టిగా వీస్తే నిచ్చెనతో పాటు ఆయన్నీ పట్టుకోవాలి, అంత బక్కపలచన. ఆ జంట వీధిలో నడిచి వెళుతుంటే నవ్వని ఇల్లు లేదు. వాళ్లూ నవ్వేవారు.

ఆ ఏడాది వాళ్ల ఊళ్లో ఇరవై ఏళ్ల లోపు అమ్మాయిల ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు పెట్టారు. ఎక్కడెక్కడి దేశాల నుంచో జట్లు వచ్చాయి. ఆటలో దెబ్బ తగిలి లేవలేని పిల్లను స్ట్రెచర్ మీద మోసుకురావడానికి ఆడవాళ్లయితే బాగుంటుందని నిర్వాహకులు ఆసుపత్రిని అడిగారు. పెద్ద నర్సమ్మ ఇంకెవరి వంకా చూడకుండా దూదక్కను పంపింది.

ఈ సంగతి ఇంట్లో చెబితే అత్తగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని రెండోసారి చెప్పించుకుంది.

"నలుగురు కలిసి మోస్తారా? అంత చిన్నపిల్లల్నా? అవేం మాటలే తల్లీ, నోరు కడుక్కో," అంది.

మోసేది బతికున్నవాళ్లనేననీ, వాళ్లు మళ్లీ లేచి తిరుగుతారనీ కొడుకు గట్టిగా అరిచి సర్దిచెప్పేసరికి పక్కింటివాళ్లకు కూడా అర్థమైపోయింది.

దూదక్కతో పాటు మోసేవాళ్లు ఇంకో ముగ్గురు. ఇద్దరు అగ్నిమాపక కేంద్రంలో పనిచేసేవాళ్లు, ఒకామె ఈతకొలను దగ్గర కాపలా. నలుగురికీ నారింజరంగు కోట్లు ఇచ్చారు. మైదానం అంచున తెల్ల గీతకు ఇవతల ఒక బల్ల వేసి కూర్చోబెట్టారు. రిఫరీ చెయ్యి ఊపి పిలిస్తే తప్ప గీత దాటకూడదు. గీత అవతల గడ్డిపోచ మీద కూడా కాలు పడకూడదని మరీ మరీ చెప్పారు.

ఆమెకు ఆ ఆట సంగతి ఏమీ తెలియదు. బంతి ఎటు పోతే మంచిదో, ఎందుకు ఈల వేస్తారో పక్కనున్నవాళ్లు చెబితే తలూపేది. ఆమె చూపంతా కాళ్ల మీదే. ఇన్నేళ్లుగా ఆమె చూసినవన్నీ ఆగిపోయిన కాళ్లు. కట్టు కట్టినవి, తాడుతో పైకి లాగి బరువు వేలాడదీసినవి, నీలంగా ఉబ్బినవి. ఇక్కడ చూస్తే ఇన్ని కాళ్లు ఒక్కసారిగా పనిచేస్తున్నాయి. నేల తమ సొంతమైనట్టు పరుగెత్తుతున్నాయి. నెత్తిన కప్పు లేదు, పక్కన గోడలు లేవు. మబ్బు నీడ ఒకటి పచ్చిక మీదుగా తాపీగా పాక్కుంటూ పోతుంటే ఆ నీడలోకి పరుగెత్తిన పిల్లలు మళ్లీ ఎండలోకి తేలేవారు. చూస్తూ చూస్తూ తాను ఎక్కడ కూర్చుందో మరిచిపోయేది.

మొదటి పిలుపు ఒక మధ్యాహ్నం వచ్చింది. పసుపు చొక్కా, తొమ్మిదో నంబరు పిల్ల. బంతి కోసం గిరుక్కున తిరగబోతే ఒళ్లు తిరిగింది గానీ మోకాలు తిరగలేదు. పడి, గడ్డిని రెండు గుప్పిళ్లతో పట్టుకుంది. రిఫరీ చెయ్యి లేచింది.

దూదక్క గీత దాటింది. పాదం కింద నేల మెత్తగా దిగి మళ్లీ పైకి లేచింది. ఎప్పుడో పడ్డ వాన ఇంకా వేళ్ల దగ్గర దాక్కుని ఉన్నట్టుంది. అడుగు పడ్డ కొద్దీ జనం రొద వెనక్కి, ఇంకా వెనక్కి పోయింది. నీళ్లలో మునిగినప్పుడు వినబడేంత మాత్రమే మిగిలింది. నడుము కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి వేసి ఆ పిల్లను స్ట్రెచర్ మీదికి చేర్చింది. మోసుకొస్తుంటే ఆ పిల్ల ఆకాశంలోకి చూస్తూ తన భాషలో ఏదో అడిగి, దూదక్క మణికట్టు పట్టుకుంది.

"ఏం కాలేదమ్మా, నేనున్నాగా," అంది దూదక్క.

నాలుగు వైపులా చప్పట్లు కొట్టారు. అవి ఆ పిల్లకేనని తెలుసు. అయినా, చప్పట్ల మధ్యలోంచి ఒక మనిషిని మోసుకురావడం ఆమె బతుకులో అదే మొదలు.

ఆ రోజు నుంచి ఆ పచ్చిక ఆమెను వదల్లేదు. వార్డులో ట్రాలీ తోస్తుంటే చెప్పుల కింద గచ్చు మెత్తబడినట్టనిపించేది. మైదానం దగ్గర బల్ల మీద కూర్చుంటే అరికాళ్లు జిలజిలమనేవి. ఒకసారి ఒక పిల్ల జారి పడింది. దూదక్క గుండె ఎగిరి గంతేసింది. పిల్ల వెంటనే లేచి దుమ్ము దులుపుకుని పరుగెత్తింది. అయ్యో, లేచిందే అనుకుంది దూదక్క. అనుకున్నాక ఒళ్లు చల్లబడింది.

ఇంటికొచ్చేసరికి మొగుడు పెరట్లో కిరసనాయిలు గుడ్డతో వేళ్ల రంగు తుడుచుకుంటున్నాడు. పక్కన పీట వాల్చుకుని కూర్చుంది.

"ఏమయ్యా, నాకేదో పాడుబుద్ధి పుట్టింది. ఎవరన్నా పడితే బాగుండనిపిస్తోంది."

ఆయన తుడవడం ఆపాడు. "పడాలని కాదులేవే నీకు. ఆ గడ్డి మీద నడవాలని."

"అక్కడ రెండూ ఒకటే కదయ్యా."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. రంగు అంటని మోచేత్తో ఆమె భుజాన్ని కాస్త ఆనుకుని కూర్చున్నాడు.

తొమ్మిదో నంబరు పిల్లను ఆ ఆసుపత్రిలోనే చేర్చారు. వాపు తగ్గితే గానీ విమానం ఎక్కకూడదన్నారు. ఎక్స్‌రేకు తీసుకెళ్లడానికి దూదక్క వస్తే ఆ పిల్ల మొహం చూడకముందే మణికట్టు గుర్తుపట్టింది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. ఎక్స్‌రే గది బయట తమ వంతు కోసం ఆగినప్పుడు ఆ పిల్ల దుప్పటి మీద రెండు వేళ్లను పరుగెత్తించింది. వేళ్లు మలుపు తిరిగి పడ్డాయి. కాసేపు పడే ఉన్నాయి. మళ్లీ లేచి, ఇంకా జోరుగా దుప్పటి అంచు దాకా పోయాయి. దూదక్క తన లావుపాటి వేళ్లు రెండు పెట్టి వెనకాలే బరువుగా నడిపించింది. పిల్ల పకపకా నవ్వింది.

ఆ నవ్వు చూసి దూదక్క ఉండబట్టలేక అంతా చెప్పేసింది. నువ్వు పడబట్టే నేను ఆ గడ్డి తొక్కానమ్మా, అది నాకు ఎంతో బాగుంది, ఇప్పుడు తలెత్తి నీ మొహం చూడలేకపోతున్నాను అని. ఒక్క మాటా అర్థం కాకపోయినా ఆ పిల్ల కళ్లు ఆర్పకుండా వింది. విని, తనూ తన భాషలో చాలాసేపు ఏదో చెప్పింది. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా ఇద్దరూ చేతులు పట్టుకునే ఉన్నారు. అది వాళ్లిద్దరి మధ్యా ఏం మాట్లాడినట్టో చెప్పడం కష్టం. దూదక్కకు మాత్రం గుండె మీది బరువు ఎవరో పట్టి దించినట్టయింది.

ఆఖరి ఆట రోజున ఇసక వేస్తే రాలనంత జనం. రెండు జట్లూ సమ ఉజ్జీలు. ఒక పిల్ల బంతితో పాటు జారుకుంటూ వచ్చి సరిగ్గా వీళ్ల బల్ల ముందు పడింది. దూదక్క చేతులు మోకాళ్ల మీద బిగుసుకున్నాయి. లేమ్మా, లే, లే అని పెదాలు వాటంతటవే కదిలాయి. ఆ పిల్ల లేచి, నుదుటి మట్టి తుడుచుకుని పోయింది. దూదక్క ఊపిరి వదిలింది. అరికాళ్లు కిక్కురుమనలేదు.

చివరి ఈల మోగగానే గెలిచినవాళ్లంతా ఉన్నవాళ్లు ఉన్నచోటే పచ్చిక మీద వెల్లకిలా పడిపోయారు, చేతులు బార్లా చాపి, నవ్వుతూ, ఏడుస్తూ. ఓడినవాళ్లూ పడ్డారు. మైదానమంతా పడుకున్న పిల్లలే. అగ్నిమాపక కేంద్రంవాళ్లలో ఒకామె ఆదుర్దాగా స్ట్రెచర్ మీద చెయ్యి వేసింది.

"కూర్చోవమ్మా. వీళ్లను ఎవరూ మోయక్కర్లేదు," అంది దూదక్క.

పిల్లలే ఒకరినొకరు చెయ్యిచ్చి లేపుకున్నారు.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు టీవీ ముందు కూర్చుని ఉంది. ఆట మొదలు నుంచీ కళ్లలో వత్తులు వేసుకుని చూశానని, కోడలు ఒక్కసారీ కనబడలేదని తగువేసుకుంది.

"నాతో పని పడలేదత్తయ్యా," అని చెవి దగ్గర వంగి చెప్పింది దూదక్క.

భోజనం దగ్గర ఆ పిల్లలు ఎలా పరుగెత్తారో మొగుడికి చెప్పడం మొదలుపెట్టింది. ఒక పిల్ల జడ ఊడి వీపు మీద ఎగురుతుంటే కట్టుకునే తీరిక లేక నోట్లో కరుచుకుని పరుగెత్తిందట. చెబుతూ చెబుతూ కంచం ముందే కునికిపాట్లు పడింది. ఆయన ఆమె చేతిలోంచి మంచినీళ్ల గ్లాసు మెల్లగా తీసి పక్కన పెట్టి, ఆ తర్వాత ఏమైందని అడిగాడు.