ఒక కాలువ, ఇద్దరు టీచర్లు

మా కాలేజీలో దాన్ని జంట బోధన అన్నారు. ఒకే క్లాసులో ఇద్దరు టీచర్లు ఉంటారట. బడిలో ఏళ్ల తరబడి పనిచేస్తున్న టీచరు ఒకరు, బి.ఎడ్. చదువుతున్న మాబోటి వాళ్లు ఒకరు. పాఠం ఇద్దరూ కలిసి తయారుచేసుకోవాలి, ఒకరి మాట ఆగిన చోట ఇంకొకరు అందుకోవాలి. మా సారు ఇదంతా చెబుతుంటే నేను బుద్ధిగా తలూపాను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మా నాయనమ్మకు తెలుసు గానీ కాలేజీ వాళ్లకు తెలిసినట్టు లేదు.

నాకు దొరికిన రెండో కత్తి, కాలువ చివర ఒక ఊళ్లో సర్కారు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పే మేడం. ఆమెది ఆ ఊరే. నాది పోతనాళ దగ్గర క్యాంపు. క్యాంపు అంటే మా తాతల కాలంలో కోస్తా నుంచి ఈ కన్నడ సీమకు వచ్చి తుంగభద్ర కాలువ కింద భూములు కొనుక్కున్నవాళ్ల ఊరు. మొదటిరోజు నమస్కారం పెడితే ఆమె నన్ను చెప్పుల నుంచి జడ దాకా చూసింది.

"ఏ ఊరమ్మా? క్యాంపా?"

"అవునండి మేడం."

"అండీ గిండీ నా కాడ వద్దు. పో, బోర్డు తుడువు."

నా జంట బోధన అక్కడ మొదలై అక్కడే ఆగిపోయింది. ఆమె చెప్పేది, నేను బోర్డు మీద రాసేదాన్ని. నోరు తెరిస్తే, "ఆగమ్మా, పిల్లలు పరేషాన్ అయితరు" అనేది. పాఠం కన్నడంలో చెప్పి, నన్ను కసరడానికి మాత్రం తెలుగు దాచిపెట్టుకునేది. ఆ క్లాసులో సగంమంది ఇంట్లో మాట్లాడేది తెలుగే కాబట్టి నా పరువు పోవడం వాళ్లకు బాగానే అర్థమయ్యేది. వారం తిరక్కుండానే ఎనిమిదో తరగతి నాకు "బోర్డు టీచర్" అని పేరు పెట్టేసింది. వరండాలో నడుస్తుంటే ఆ పేరు వెనక నుంచి వినపడేది.

చివరి నెలలో మా సారు వచ్చి ఒక పాఠం చూస్తారు. నేను టీచరుగా పనికొస్తానో లేదో అందులో తేలుతుంది. పనికిరానంటే ఇంకో ఏడాది ఇదే తంతు. ఇంకో ఏడాది ఆమె పక్కన బోర్డు తుడిచే కన్నా మా పొలంలో కలుపు తీసుకోవడం నయం. కానీ మార్కుల కన్నా నాకు ఆ పిల్లలు కావాలి. ఒక్కరోజైనా నా మాటను టీచరు మాటలా వినాలి.

సారు చూసే పాఠం నీటిపారుదల. ఎగిరి గంతేశాను. కాలువ గట్టు మీద పెరిగినదాన్ని, కాలువ గురించి నాకొకరు చెప్పాలా? నిండుగా పారే కాలువ, తూములు, రెండు పక్కలా పచ్చటి వరి, అన్నీ చార్టు మీద రంగులేసి ఆమెకు చూపించాను. మొదటి సగం నాది, రెండో సగం తనది అని మొట్టమొదటిసారి ఒప్పుకుంది. చార్టును చాలాసేపు చూసింది.

"మంచిగుంది. గిట్లనే చెప్పు. ఒక్క ముక్క మార్చకు" అంది. ఆ మెచ్చుకోలుకు ఉబ్బిపోయిన నా మొహం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రోజు మా సారు వెనక బెంచీలో కూర్చున్నారు. నేను చార్టు తగిలించి, "మీ ఊళ్లో వరి నాట్లు ఎప్పుడు వేస్తారు?" అని అడిగాను. మా క్యాంపులో ఐదేళ్ల పిల్ల కూడా చెప్పే జవాబది. ఇక్కడ ఒక్క చెయ్యీ లేవలేదు. మళ్లీ అడిగాను. కిటికీ పక్కనున్న అమ్మాయి లేచి నిలబడింది.

"మా ఊళ్ల వరి వెయ్యరు టీచర్. కాలువల నీళ్లుంటె గద."

దాని వెనక పిల్లాడు కూర్చునే అందుకున్నాడు. "నీళ్లన్నీ పైన క్యాంపోళ్లు పైపులేసి గుంజుకుంటరు. బోర్డు టీచరోళ్లు గూడ!"

క్లాసంతా గొల్లుమంది. నా మాట ఆగింది కదా, అందుకోవాల్సిన మనిషి వైపు చూశాను. ఆమె చేతులు కట్టుకుని కుర్చీలో కూర్చుంది.

"పిల్లలు అడుగుతుండ్రు గద, చెప్పమ్మా. మొదటి సగం నీదే" అంది.

చార్టును అంతసేపు ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది. నన్ను బురదలోకి దింపి తను గట్టు మీద కూర్చుంది. ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది.

"అవును, మా నాన్న కూడా వేశాడు" అన్నాను. "కాలువలో మా పైపుంది. కాపలా లస్కరు అటు పోగానే మోటారు వేస్తాడు."

నవ్వులు ఆగిపోయాయి. చార్టు పీకేసి బోర్డు మీద పొడవాటి గీత గీశాను, మా క్యాంపు దగ్గర పైపులు గీశాను. ఇక్కడ మాకు రెండు పంటలు, ఒక్కటి ఎండినా మావాళ్లు కుదేలవుతారు అన్నాను. ఆమె విసురుగా వచ్చి నా చేతిలో సుద్దముక్క లాక్కుంది. గీత చివర గుండుసున్న చుట్టింది.

"ఇది మా చేను. కాలువొస్తదని మా నాయన జొన్న మాని వరికి మడులు కట్టిండు. ఆ మడులు గట్లనే ఎండిపడ్డయి. మీ నాయన తినాలె, మా నాయన తినొద్దా?"

నేను ఇంకో సుద్దముక్క తీశాను. "నీళ్లు వదిలేది మా నాన్న కాదు కదా మేడం?"

"పైపేసింది మీ నాయననే గద!"

నేనొక మాట, ఆమె రెండు. కన్నడం ఎప్పుడు జారిపోయిందో ఇద్దరికీ తెలియదు, తెలుగు రానివాళ్లకు పక్కవాళ్లే గుసగుసగా చెబుతున్నారు. తూము ఎవరు తెరుస్తారు, లస్కరు ఎందుకు ఊరుకుంటాడు అని పిల్లలు ఇద్దరినీ నిలదీశారు. గంట కొట్టినా ఎవరూ కదల్లేదు.

మా సారు ఫోనులో వీడియో తీసుకుంటూ మురిసిపోయారు. "ఎంత బాగా ప్రాక్టీసు చేశారమ్మా! ఆ కొట్లాట నాటకమైతే మరీనూ!"

"నాటకం కాదు సార్" అంది ఆమె. ఆయన ఇంకా నవ్వారు. నేను పాసయ్యాను.

వరండాలో ఆమెను ఆపి అడిగాను. "తెలిసి కూడా ముందే ఎందుకు చెప్పలేదు మేడం?"

"మీ క్యాంపోళ్లు మాకు చెప్పి పైపులేసిండ్రా?" అని వెళ్లిపోయింది. నేనామెను క్షమించలేదు. క్షమించమని ఆమె అడగనూ లేదు.

ఆ సాయంత్రం, పైపు తీసెయ్యమని నాన్నకు చెప్పాను.

"బడిలో ఇదా మీకు నేర్పేది? నువ్వు చదువుకుంది ఈ నీళ్లతోనే తల్లీ. కాళ్లు కడుక్కుని అన్నం తిను" అన్నాడు నాన్న. కడుక్కుని తిన్నాను.

ఆ తర్వాత అక్కడ మిగిలిన రోజుల్లో పిల్లలు నన్ను బోర్డు టీచర్ అనలేదు. క్యాంపు టీచర్ అన్నారు. చెబితే విన్నారు, నేను కోరుకున్నదీ అదే. కానీ రోజూ పొద్దున హాజరు అయిపోగానే, ఆరోజు పైపుల మాటెత్తిన పిల్లాడు లేచేవాడు.

"టీచర్, పైపు తీసిండ్రా?"

క్లాసంతా నా వైపు తిరిగేది. నా ప్రతి మాటకూ అడ్డొచ్చే మేడం ఆ ఒక్క జవాబుకు మాత్రం అడ్డొచ్చేది కాదు.

"లేదు" అని చెప్పి, పుస్తకం తెరిచేదాన్ని.