లలితకుమారి గారి నలభై ఒక్క చీటీలు

పరాయి దేశంలో, సెంగ్‌కాంగ్ పేటలోని పదకొండవ అంతస్తు ఫ్లాటులో లలితకుమారి గారు తొమ్మిదేళ్లుగా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు కూరుస్తున్నారు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో బదులు చెప్పే ఇక్కడి పిల్లలకోసం ఆ శ్రమ. ధాతువులు అనేకార్థకాలని మన శాబ్దికులు ఏనాడో చెప్పారు గాని, ‘రన్’ అనే చిన్న క్రియ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట లోతు ఆమెకు తెలిసింది. మనిషి పరుగెత్తినా, నది పారినా, ముక్కు కారినా, చీర రంగు వదిలినా, దుకాణం నడిపినా, ఎన్నికలలో నిలిచినా ఒకటే క్రియ. ఒక్కో అర్థానికి ఒక్కో చీటీ. దానిమీద ప్రయోగం, పుట్టుక, తెలుగు మాట. బల్ల చాలక వాటిని హాలులో నేలమీద పరచి, ఏ అర్థానికి ఏది తల్లో వంశక్రమంగా పేర్చేవారు.

సోమవారం ఆ ప్రకరణం అచ్చుకు వెళ్లాలి. శుక్రవారం ఆమె బజారునుండి తిరిగి వచ్చేసరికి నేల ఖాళీగా ఉంది. నలభై ఒక్క చీటీలూ లేవు.

ఇంట్లో ఎవరూ లేరు. ఎనభై ఆరేళ్ల అత్తగారు సీతాదేవి గారిని ఆమె బజారులో ఉండగానే ఆడపడుచు వచ్చి తన ఇంటికి తీసుకుపోయింది. వంగలేని ఆ వృద్ధురాలు నేలమీది చీటీలు తీసి ఉంటుందన్న ఊహ కోడలికి తట్టనేలేదు. తట్టినది కౌశిక్ పేరు. ఇంగ్లీషు పదాల చరిత్రమీద పరిశోధన చేస్తున్న ఆ విద్యార్థి వారం వారం వచ్చి సాయం చేస్తాడు. ఆ ఉదయం కూడా వచ్చాడు, ఆమె బజారుకు బయలుదేరేటప్పటికి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. పైగా మూడు వారాలుగా ప్రతి చీటీకీ ఫోను ఎక్కుపెట్టి ఫోటో తీస్తున్నాడు. ఎందుకని అడిగితే “ఊరికే ఆంటీ” అన్నాడు. ఆ ‘ఊరికే’ అప్పటినుండే ఆమెకు ముల్లై గుచ్చుకుంటోంది.

ఫోను చేశారు. “నేను క్లాసుకి వెళ్లేటప్పుడు అన్నీ ఉన్నాయి ఆంటీ” అన్నాడతడు. తడబడకుండా చెప్పడమే ఆమె అనుమానాన్ని పెంచింది.

ఆదివారం ఉదయం అతడు కొత్త చీటీల కట్టతో వచ్చాడు.

“నా ఫోటోలు చూసి రాశాను. రేపటికి పనికొస్తాయి.”

“నా దగ్గర పోయినవన్నీ నీ దగ్గర భద్రంగా ఉన్నాయన్నమాట!”

“ఉండబట్టే రాయగలిగాను ఆంటీ.”

“కాజేసినవాడే నకలు తెచ్చి ఇస్తే దాత అయిపోతాడా?”

కౌశిక్ కట్టను బల్లమీద పెట్టాడు. బూట్ల తాళ్లు కట్టుకోకుండానే లిఫ్టు వైపు నడిచాడు.

మధ్యాహ్నం సీతాదేవి గారు తిరిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూనే అడిగారు. “లలితా, సరస్వతి పటం వెనక నీ కాగితాలు పెట్టా. చూశావా?”

“మీరు తీశారా అత్తయ్యా?”

“తీయనా మరి? వాకిట్లోకి రావాలంటే అక్షరాలు దాటాలి. నేలమీద జరుగుతూ ఒక్కొక్కటే ఏరి, కళ్లకద్దుకుని పెట్టా. ఇంత చదివావు, చదువులతల్లిని కాళ్లకింద పరుస్తావా?”

“అది ఇంగ్లీషు అత్తయ్యా!”

“అయితే? ఇంగ్లీషు తల్లి లేకుండానే పుట్టిందా?”

లలితకుమారి గారు రెండు కట్టలనూ పక్కపక్కన పెట్టి సరిచూశారు. నలభై ఒకేలా ఉన్నాయి. ‘నడపడం’ అన్న అర్థం చీటీలో మాత్రం కౌశిక్ కొంత చేర్చాడు. తాను పరుగెత్తడానికీ ఇంకొకదానిని పరుగెత్తించడానికీ ప్రాచీనాంగ్లంలోనూ, ఉత్తరాది నార్సు భాషలోనూ వేర్వేరు క్రియలుండేవనీ, కాలక్రమాన అవి కలిసిపోయి ఒక్క ‘రన్’ అయ్యాయనీ. పక్కన పెన్సిలుతో రాసుకున్నాడు: ‘ఫోటోలు చూసి అన్నీ సరిచూడాలి. ఇక్కడ పొరపాటు అచ్చయితే పేరు ఆంటీది పోతుంది. ఆమెకు చూపించాలి.’

నీలాపనింద పడినవారి కథను మనం ఏటా చవితినాడు అక్షతలు పట్టుకుని వింటాం. నింద మోపినవారు ఆ తరువాత ఏ ముఖంతో ఎదుటపడ్డారో ఎవ్వరమూ అడగం. ఆమె కౌశిక్‌కు ఫోను చేశారు.

“తప్పు నాది బాబూ. చీటీలు ఇంట్లోనే ఉన్నాయి. క్షమించు.”

“పని పూర్తి చేద్దాం ఆంటీ. మీ ఇంటికి మాత్రం రాను. లైబ్రరీకి రండి.”

ఆ సాయంత్రమే వెళ్లారు. ఎదురుబొదురుగా కూర్చున్నారు. కౌశిక్ ఫోను తీసి, ఆమెకు కనబడేలా బల్లమీద బోర్లించాడు. మొదటి చీటీ ముందు చేయి ఆపి అడిగాడు.

“తీసుకోవచ్చా ఆంటీ?”

“అయ్యో, తీసుకో నాయనా.”

రెండవదానికీ అడిగాడు. మూడవదానికీ అడిగాడు. అడగవద్దనే అర్హత తనకు లేదని ఎరిగి, ఆమె నలభై ఒక్కసార్లూ బదులు చెప్పారు.