ఎడమ చెంప మీద మచ్చ

యాభై గ్రాములు కూడా తూగదు. మా నాన్న కిరాణా కొట్టు తక్కెడలో నేనే వేసి చూశాను. తొమ్మిదేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. భుజానికి ఇంకా అలవాటు కాలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్ళకు చెబితే జోకనుకుంటారు. జోకులవాడన్న ఆ పేరు నేనే కష్టపడి సంపాదించుకున్నాను.

అది ఒక సిపాయి పే బుక్కు. రెండో ప్రపంచయుద్ధంలో సిపాయిలు జేబులో పెట్టుకు తిరిగిన గుర్తింపు పుస్తకం. 1978లో వరంగల్‌లోని మా కొట్టుకు, పొట్లాలు కట్టడానికి కొన్న పాత కాగితాల కట్టలో వచ్చింది. ఇంకాస్తయితే ఆ పేజీలు చింపి జీలకర్ర కట్టి ఇచ్చేవాణ్ణి. చరిత్రలో బి.ఏ. చదివాను, మూడో తరగతి. చరిత్ర నన్ను అంతకు మించి పట్టించుకోలేదు. నేను మాత్రం దాన్ని వదల్లేదు. అప్పటికే నా దగ్గర బిస్కెట్ల డబ్బాలో ఇలాంటివి కొన్ని ఉన్నాయి: ఒక సెలవు చీటీ, రెండు డిశ్చార్జి కాగితాలు, నంబరు కొట్టిన మెడ బిళ్ళ. అన్నీ బతికి వచ్చినవాళ్ళవే. ఈ పుస్తకం తాలూకు మనిషి తిరిగి రాలేదు. చివరి పేజీలో ఎర్రసిరాతో ఉంది: బర్మా, యుద్ధంలో మరణం.

పేరు రాజయ్య. తండ్రి మల్లయ్య. ఛాతీ ముప్పైమూడు అంగుళాలు, నాకంటే రెండు ఎక్కువ. గుర్తులు: ఎడమ చెంప మీద మినపగింజంత పుట్టుమచ్చ. ఊరి పేరు నీళ్ళకు అలుక్కుపోయింది. కానీ దగ్గరి రైల్వే స్టేషన్ అన్న గడిలో శుభ్రంగా, నిన్న రాసినట్టు, నెక్కొండ.

నెక్కొండ! ప్యాసింజర్ ఎక్కితే గంట దూరం. ముప్పై ఏళ్ళు దాటినా ఇల్లు చేరని మనిషిని నేను చేర్చబోతున్నాను, నేను, మూడో తరగతివాణ్ణి! నాలుగు ఆదివారాలు అద్దె సైకిలు మీద ఊళ్ళు తిరిగాను. ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు. "మా ఊళ్ళె రాజయ్యలు తొమ్మిది మంది. ఏ రాజయ్య గావాలె నీకు?" అని ఒకాయన అడిగాడు, వంకాయలు ఏరుకోమన్నట్టు. చచ్చిపోయిన రాజయ్య కావాలన్నాను. అయిదో ఆదివారం దొరికాడు. స్టేషనుకు నాలుగు మైళ్ళ ఊరు. మల్లయ్య కొడుకు రాజయ్య, నిజాం కాలంలో పటాలంలో కలిసి పోయాడు, తిరిగి రాలేదు. సైకిలుకు స్టాండు వేయడం కూడా మరిచిపోయాను. అది పడిపోయింది.

ఆయన భార్య లచ్చమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. యాభై దాటిన మనిషి. నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, చేతుల నిండా గాజులు. తీసెయ్యమని ఊరంతా ఎన్నోసార్లు చెప్పిందట. ప్రతిసారీ ఆమెది ఒకటే మాట: "కాయితం రాలే గదా. వచ్చినంక సూద్దాం."

కాగితం నా జేబులో ఉంది.

ఆమె మరిది కొమురయ్య చుట్టుపక్కల వాళ్ళను పిలిచాడు. నేను గొంతు సవరించుకుని ఒక్కో పేజీ తెలుగు చేసి వినిపించాను. గుర్తుల దగ్గర ఆమె చేట కింద పెట్టింది.

"మచ్చ ఏడున్నదని రాసిండ్రు కొడుకా?"

"ఎడమ చెంప మీద అవ్వా."

"ఆయన మొఖం మీద మచ్చ లేదు. వీపు మీద ఉండె. నాకెర్కే."

అందరూ నావైపు చూశారు. అప్పుడు నేనొక జోకు వేశాను.

"తెల్లదొరలు మనోళ్ళ మొఖాలు ఎన్నడు సూసిండ్రవ్వా? ఎవని మచ్చ ఎవనికి రాసిండ్రో."

నవ్వారు. "సారు మంచి మాటకారి" అన్నాడు కొమురయ్య. లచ్చమ్మ కూడా నవ్వింది. "సదువుకున్నోనివి. నీకు తెల్వదా" అంది. నేను పేజీ తిప్పి ఎర్రసిరా చదివాను.

నాకు తెలియలేదా? పొరపాటు పడ్డానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. పొరపాటైతే జోకు ఎందుకు వేశాను? పుస్తకం మూసేసి, ఇది మీ ఆయనది కాకపోవచ్చు అవ్వా అనడానికి ఎంతసేపు పడుతుంది? కానీ అయిదు ఆదివారాలు తిరిగాను, జనం కూడారు, నేను గెలిచాను, ఆ గెలుపు ఒక మచ్చ దగ్గర ఆగిపోవడం నాకిష్టం లేకపోయింది. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది.

ఆమె గాజులు తీయించారు. మెట్టెలు, పుస్తెలు, బొట్టు, అన్నీ. "నువ్వు తెచ్చిన కబురే గదా సారూ, నువ్వు రాకుంటె ఎట్ల" అని దినాలకు కొమురయ్య పట్టుబట్టి పిలిచాడు. వెళ్ళాను. పప్పు బాగుంది, రెండోసారి కూడా వేయించుకున్నాను. ఆమె మణికట్టు చుట్టూ, గాజులుండేచోట, చర్మం లేతరంగులో ఉంది. దణ్ణం పెట్టి, "ఎటూ తెల్వకుంట సస్తననుకున్న. నీ పున్నెం కొడుకా" అంది.

నాలుగేళ్ళ తర్వాత ఒకాయన కొట్టుకు వచ్చాడు. నెక్కొండకు అవతలి పక్క ఊరు. సిపాయి బుక్కు సంగతి ఎక్కడో విన్నాడట. వాళ్ళన్న రాజయ్య, తండ్రి మల్లయ్య. మచ్చ ఎక్కడుండేదో చెప్పడానికి తన ఎడమ చెంప తాకి చూపించాడు. వాళ్ళమ్మ చచ్చేదాకా దర్వాజ దిక్కే చూసిందట. బుక్కు జర చూపెట్టమన్నాడు. చెదలు తినేశాయన్నాను. అది మా ఇద్దరి మధ్య ఉన్న బల్ల సొరుగులోనే ఉంది. పాపమని కాసిని పల్లీలు పొట్లం కట్టిచ్చాను.

ఆయనకు ఇస్తే లచ్చమ్మకు చెప్పాలి. తీసేసిన బొట్టును తిరిగి పెట్టే తంతు ఏ పురోహితుడి దగ్గరా లేదు. ఆమె భర్త కూడా ఏనాడో పోయే ఉంటాడని నాకు నేను చెప్పుకుంటాను. నిజమే కావచ్చు. కానీ కాగితం వచ్చినంక చూద్దామని ఆమె పెట్టుకున్న షరతు అది, దాన్ని నేను వేరేవాడి కాగితంతో తీర్చేశాను.

లచ్చమ్మ ఇంకా ఉంది. నేను ఇంకా వెళ్ళి చెప్పలేదు. వెళతానని కూడా మీకు మాట ఇవ్వను, నా మాటల సంగతి విన్నారు కదా. ఒక్క పని మాత్రం చేయగలిగాను. జోకు లేకుండా ఇది రాయగలిగాను: ఎడమ చెంప మీద మచ్చ ఉన్నవాడు ఆమె భర్త కాడు. అది నాకు ఆ రోజే, ఆ వాకిట్లోనే తెలుసు.